వరదలు, భూకంపాల పాత స్టీరియోవ్యూ కార్డులు కొనేముందు ఇవి చూసుకోండి

ఒకే సీన్‌ని రెండు ఫొటోలుగా పక్కపక్కనే అట్టకి అతికిస్తారు, స్టీరియోస్కోప్‌లో (రెండు కళ్లకీ రెండు కటకాలున్న చూసే పరికరం) పెట్టి చూస్తే లోతు కనిపిస్తుంది, అదే స్టీరియోవ్యూ. విపత్తుల కార్డులు పోగేయాలనుంటే కనిపించిందల్లా కొనేయకుండా ముందు ఒక్క ఘటన పట్టుకోండి. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంతో మొదలెడితే తేలిక, అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్, కీస్టోన్, హెచ్.సి. వైట్ లాంటి పెద్ద కంపెనీలన్నీ వాటిని వేశాయి. ఆ తర్వాత అమెరికాలోని టెక్సస్‌లో 1900 గాల్వెస్టన్ తుఫాను, 1902లో మౌంట్ పెలే అగ్నిపర్వతం బూడిద చేసిన కరీబియన్ దీవి మార్టినిక్‌లోని సెయింట్ పియరీ ఊరు, అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1889 జాన్స్‌టౌన్ వరద (ఇది పూర్తిగా ప్రకృతి పనేం కాదు లెండి, కుండపోత వానకి పైనున్న సౌత్‌ఫోర్క్ డ్యామ్ తెగి 2,209 మంది పోయారు, అయినా అందరూ ప్రకృతి విపత్తుల లెక్కలోనే కలిపేస్తారు).

కార్డు చేతికి రాగానే అందరూ క్యాప్షన్ చదువుతారు, నేనైతే అది చివర్లో చూస్తా. ముందు ఫొటోలో దగ్గరగా ఉన్నదేదైనా, ఒక విరిగిన స్తంభం అనుకోండి, దాని వెనక దూరంగా ఉన్న గోడలో ఒక కిటికీ, ఈ రెండూ పట్టుకోండి. ఎడమ ఫొటోలో స్తంభం కిటికీకి ఎంత దూరంలో ఉంది, కుడి దాంట్లో ఎంత దూరంలో ఉంది? కొంచెమైనా తేడా ఉండాలి. అస్సలు లేదంటే ఒకే ఫొటోని రెండుసార్లు అతికించారని అర్థం, ఎంతసేపు చూసినా లోతు రాదు. నా మొదటి గాల్వెస్టన్ కార్డు ఇలాంటిదే, కళ్లు నొప్పెట్టాక గానీ తెలీలేదు.

తర్వాత భూతద్దం పెట్టండి. న్యూస్‌పేపర్ బొమ్మలా చుక్కలు చుక్కలుగా ఉంటే ప్రెస్‌లో అచ్చేసింది, అసలు ఫొటో కాదు, రంగుల కార్డుల్లో ఇవే ఎక్కువ. చుక్కల్లేకపోయినా మసగ్గా ఉండి నీడలన్నీ నల్లముద్దలా ఉంటే ఎవరో కార్డుకే మళ్లీ ఫొటో తీసి అమ్మిన కాపీ అయ్యుండొచ్చు, దొంగ కాపీల గోల అప్పట్లోనే ఉండేది. ఒంపు తిరిగిన అట్టలొచ్చింది 1880 ప్రాంతం నుంచి, కాబట్టి అలాంటిది చూపించి 1860లది అంటే నమ్మొద్దు. ఆ ఒంపు కావాలని పెట్టిందే, బరువు పెట్టి చదును చేశారంటే ఫొటో పైపొర పగిలిపోతుంది.

జాన్స్‌టౌన్‌లో జార్జ్ బార్కర్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన కార్డు ఒకటుంది, ఇల్లు పక్కకి ఒరిగిపోయి, మేడమీది కిటికీలోంచి పెద్ద చెట్టు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, క్యాప్షన్ చూస్తే "స్వల్పంగా దెబ్బతిన్న ఇల్లు" అట! మామూలు ఫొటోలో అది ఒట్టి చెట్టు, స్టీరియోస్కోప్‌లో మాత్రం మొహం మీదకొచ్చినట్టుంటుంది, నేను ఎప్పుడూ ఇలా ముందుభాగంలో శిథిలాలున్న కార్డులే వెతుకుతా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అమెరికాలోని పెద్ద గ్రంథాలయం) వెబ్‌సైట్‌లో ఇలాంటి స్కాన్లు ఫ్రీగా చూడొచ్చు, కొనేముందు పోల్చుకోండి.

దాచడం పెద్ద పనేం కాదు, పాలిస్టర్ కవర్లో పెట్టి పెట్టెలో నిలబెట్టండి, పీవీసీ కవర్లు వద్దు, టేపు వద్దు, తడిగుడ్డ అసలే వద్దు. వెనకాల పాత ఓనరు పెన్సిల్‌తో ఏదైనా రాసుంటే శుభ్రం చేస్తున్నాం కదా అని చెరిపేయకండి, ఆ ఫొటో ఏ వీధిదో ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది.