'సాంటర్' పుట్టుక: ఒక ఇంగ్లీషు మాట చరిత్రను మీరే వెతికి తేల్చుకోవడం ఎలా?

తొందర లేకుండా, తీరిగ్గా నడవడాన్ని ఇంగ్లీషులో 'సాంటర్' అంటారు. ఈ మాట ఎలా పుట్టిందని వెతికితే ముందుగా ఎదురయ్యేది ఒక అందమైన కథ. మధ్యయుగాల ఐరోపాలో పనీపాటా లేని కొందరు జెరూసలేం యాత్రకు పోతున్నామని చెప్పుకొని ఊరూరా భిక్షమెత్తేవారట. ఫ్రెంచి భాషలో పుణ్యభూమిని 'సేంత్ తేర్' అంటారు కనుక, వారి తిరుగుడుకు జనం పెట్టిన పేరే క్రమంగా 'సాంటర్' అయిందట. ఇటువంటి కథ కనబడినప్పుడు వెంటనే నమ్మడమో కొట్టిపారేయడమో కాకుండా, దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. దానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు, కాస్త ఓపిక చాలు.

ముందుగా ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, ఒకదానిలో సంవత్సరం, రెండోదానిలో అర్థం రాసుకోండి. మామూలు నిఘంటువు ఇందుకు పనికిరాదు. అది సాధారణంగా ఇప్పుడు వాడుకలో ఉన్న అర్థాన్నే ముందు చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వంటి చారిత్రక నిఘంటువు అన్నిటికంటే పాత అర్థంతో మొదలుపెట్టి, ప్రతి అర్థానికీ అది కనిపించిన రచనలోని వాక్యాన్ని తేదీతో సహా ఇస్తుంది. 'సాంటర్'కు ఈ పట్టిక వేస్తే విచిత్రమైన సంగతి బయటపడుతుంది. 15వ శతాబ్దం చివరలో 'సాంట్రెన్' అన్న రూపంలో కనిపించే మాటకు నడకతో సంబంధమే లేదు. ఆలోచనలో మునిగిపోవడం, పరధ్యానంగా ఉండడం దాని అర్థం. మెల్లగా నడవడమన్న అర్థం 1660ల నాటికి గాని కనబడదు. ఈ రెండూ అసలు ఒకే మాట కాకపోవచ్చునన్న అనుమానం కూడా ఉంది.

యాత్రికుల కథే నిజమైతే తిరగడమన్న అర్థం ముందు వచ్చి, మనసు ఎటో తిరగడమన్న అర్థం తర్వాత రావాలి. పట్టికలో వరుస తలకిందులుగా ఉంది. అయితే ఇక్కడ తొందరపడకూడదు. నిఘంటువు ఇచ్చే తేదీ ఆ మాట మనకు దొరికిన తొలి రాతది మాత్రమే; జనం నోట అది అంతకు ఎన్నేళ్ళ ముందునుంచో నలిగి ఉండవచ్చు. కాబట్టి తేదీలతోనే తీర్పు చెప్పకుండా, మూలమని చెబుతున్న మాటకూ నేటి మాటకూ మధ్య వంతెన వంటి రూపమేదైనా పాత రాతల్లో ఉందా అని చూడాలి.

ఈ రెండో పరీక్షలో నెగ్గిన మాట కూడా ఒకటుంది. గుర్రం మరీ పరుగెత్తకుండా హాయిగా దౌడు తీయడాన్ని 'కాంటర్' అంటారు. 1170లో హత్యకు గురైన క్రైస్తవ మతగురువు టామస్ బెకెట్ సమాధిని దర్శించుకోవడానికి ఇంగ్లండులోని కాంటర్‌బరీకి గుర్రాల మీద వెళ్ళే యాత్రికుల గమనాన్ని బట్టి ఈ పేరు వచ్చిందంటారు. వినడానికి ఇదీ కట్టుకథలాగే ఉంటుంది. కానీ 17వ శతాబ్దపు రాతల్లో 'కాంటర్‌బరీ' అన్న పూర్తి పేరుతోనే ఈ గుర్రపు నడక ప్రస్తావన ఉంది; దాన్ని కుదిస్తే వచ్చినదే 'కాంటర్'. 'సాంటర్'కు అటువంటి వంతెన దొరకలేదు. రోము యాత్ర నుంచి పుట్టిందని చెప్పే 'రోమ్' అన్న క్రియ, అంటే ఇష్టం వచ్చినట్టు తిరగడం, దానిదీ ఇదే పరిస్థితి.

ఆ తర్వాత, కథ ఎవరి ద్వారా వ్యాపించిందో చూడండి. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో పుణ్యభూమి కథను ఇస్తూనే, 'సాఁ తేర్', అంటే భూమి లేనివాడు, అన్న మరో వ్యుత్పత్తినీ పక్కన పెట్టాడు. ఒకే మాటకు రెండు మూలాలు ఇచ్చారంటే రెండిటికీ గట్టి ఆధారం లేదనే నేను అర్థం చేసుకుంటాను. అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో మరణించిన కొద్ది వారాలకు, 1862లో, నడక మీద ఆయన రాసిన వ్యాసం అచ్చయింది; అందులో ఆయన ఈ రెండు కథలనూ చెప్పి, పుణ్యభూమి వైపే మొగ్గాడు. ఈనాడు కథ ఇంతగా చలామణీలో ఉండడానికి ఆ వ్యాసానికున్న పేరే ముఖ్య కారణమని నా అభిప్రాయం. మనకూ ఇది కొత్త కాదు. 'త్రిలింగ' నుంచి 'తెలుగు' వచ్చిందన్న మాటను చిన్నప్పటినుంచీ వింటున్నాం, కానీ భాషావేత్తలలో చాలామంది అది దేశి మాటకు తర్వాత తొడిగిన సంస్కృత రూపమనే అంటారు.

ఇన్ని పరీక్షల తర్వాత 'సాంటర్' గురించి కాగితం మీద రాసుకోవలసింది "పుట్టుక అస్పష్టం" అనే. అలా రాయడానికి చిన్నతనపడనక్కరలేదు. మంచి నిఘంటువులూ అదే రాశాయి.

అనువాదం చేసేవారికి ఈ పట్టిక మరింత అవసరం. 15వ శతాబ్దపు వాక్యంలో 'సాంటర్' ఎదురైతే పరధ్యానమని రాయాలి. జాన్సన్ దీనికి పని లేకుండా తిరగడమన్న అర్థమిచ్చాడు, అందులో నింద ఉంది కనుక ఆ కాలపు వాక్యానికి 'బలాదూరు తిరగడం' సరిపోతుంది. థోరో వాక్యానికి అది పెడితే ఆయన చెప్పదలచుకున్నదే తిరగబడుతుంది. అక్కడ 'తీరిగ్గా నడవడం' అంటే చాలు. 'షికారు', 'వాహ్యాళి' అన్న మాటలు చప్పున నోటికి వస్తాయి గాని, అవి వాడేముందు వాటికీ ఇదే పట్టిక వేసి చూడండి. ఫారసీలో షికారంటే వేట; సంస్కృతంలో వాహ్యాళి అంటే గుర్రాలను తిప్పే బాట.