హైస్కూల్ రోయింగ్ జట్టును ఎలా పెంచాలి? రెండో పడవ నుంచి మొదలుపెట్టండి

స్కూల్ జట్టు పతకం గెలిచిన రోజు తీసే ఫొటోలో తొమ్మిది మంది ఉంటారు. తెడ్లు వేసేవాళ్లు ఎనిమిది మంది, పడవను నడిపించే కాక్స్ ఒకరు. ఆ ఫొటో చూడగానే జట్టు ఎదిగిందని అందరం సంతోషిస్తాం. కానీ ఎదుగుదల నిజంగా ఎంతో తెలియాలంటే ఆ ఫొటోలో లేని పిల్లల దగ్గరికి వెళ్లాలి. ముఖ్యమైన పందేలకు వెళ్లే తొమ్మిది మందిది మొదటి పడవ, వాళ్ల తర్వాతి వరుసలో ఉన్నవాళ్లది రెండో పడవ. ఆ రెండో పడవ మొదటి పడవకు ఎంత దగ్గరగా వస్తోంది? పోయినేడాది చేరినవాళ్లలో ఎంతమంది ఈ ఏడాది మళ్లీ వచ్చారు? మొదటి పడవలో ఉన్నవాళ్లు ఒకటి రెండేళ్లలో చదువు ముగించుకుని వెళ్లిపోతారు. వాళ్ల సీట్లలో కూర్చునేది ఈరోజు రెండో పడవలో ఉన్నవాళ్లే. అందుకే జట్టును కట్టే ప్రతి దశలోనూ వాళ్లను దృష్టిలో పెట్టుకోమంటాను.

మొదట ఈత, ఆ తర్వాతే పడవ

ఒంటిమీద బట్టలతో కనీసం 50 మీటర్లు ఈది, ఆ తర్వాత కొన్ని నిమిషాలు నీళ్లలో తేలుతూ ఉండగలిగిన పిల్లల్నే పడవ ఎక్కించండి. ఇందులో మొహమాటం పనికిరాదు. ఎంత బలమున్న పిల్లాడైనా సరే, ఈత వచ్చేదాకా ఒడ్డునే సాధన చేయాలి.

బోల్తా పడితే ఏం చేయాలో ముందే నేర్పాలి. పడవ తేలుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని ఉండటమే క్షేమం. ఒడ్డు దగ్గరే కదా అని ఈదుకుంటూ బయలుదేరడం ప్రమాదం. నీళ్లు బాగా చల్లగా ఉంటే మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, గట్టిగా ఈదేవాళ్లు కూడా తడబడతారు. పడవలో కాళ్లు బిగించి ఉండే బూట్లను ఒక్క చేత్తో పట్టీ లాగి విడిపించుకోవడం కూడా ప్రతి ఒక్కరూ చేసి చూపించాలి.

రోవర్లు, అంటే తెడ్లు వేసేవాళ్లు, పడవ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారని మరిచిపోకండి. అందుకే పడవ ముక్కుకు కనీసం 4 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న తెల్లటి రబ్బరు బంతి ఉండాలని నిబంధన. ఆ బంతి ఊడిపోయిన పడవను నీళ్లలోకి దించొద్దు. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ కోచ్ మోటారు బోటు వెంట ఉండాలి, అందులో అందరికీ సరిపడా లైఫ్‌జాకెట్లు ఉండాలి. ఉరుము వినిపించిందంటే ఆరోజుకు సాధన ముగిసినట్టే.

పిల్లల్ని ఎలా చేర్చుకోవాలి?

ఈ ఆటలో ఒక మంచి ఉంది. హైస్కూల్‌కు వచ్చేసరికి ఎవరికీ రోయింగ్ తెలియదు, అందరూ ఒకే గీత మీద నుంచి మొదలుపెడతారు. వేరే ఆటల్లో జట్టులో చోటు దొరకని పొడుగు పిల్లలు, బంతి ఆటలంటే బిడియపడేవాళ్లు, ఈతగాళ్లు, పరుగు అలవాటున్నవాళ్లు అందరికీ ఇక్కడ చోటుంది. పొడవు వల్ల లాభం ఉందన్న మాట నిజమే. అయినా మొదటి ఏడాది ఎవరినీ ఎత్తు చూసి వెనక్కి పంపకండి. పద్నాలుగేళ్ల వయసులో పొట్టిగా ఉన్న పిల్లలు రెండేళ్లలో ఎంత పెరుగుతారో ఎవరూ చెప్పలేరు.

అమ్మాయిల జట్టును కూడా అదే రోజు మొదలుపెట్టండి, తర్వాత చూద్దామనుకోవద్దు. ఒలింపిక్స్‌లో మగవాళ్ల రోయింగ్ 1900లో మొదలైతే ఆడవాళ్లకు 1976 దాకా చోటు దొరకలేదు. ఇంగ్లండ్‌లోని హెన్లీ పోటీల్లో స్కూల్ అబ్బాయిల ఎనిమిది మంది పడవలకు 1946 నుంచి కప్పు ఉంది. జూనియర్ అమ్మాయిల ఎనిమిది మంది పడవలకు పోటీ పెట్టింది 2021లో. అంతటి ఆలస్యం మీ స్కూల్లో జరగనివ్వకండి.

ఎర్గ్ మీద స్ట్రోక్ నేర్పండి

ఎర్గ్ అంటే నేలమీద రోయింగ్ చేయించే యంత్రం. పిల్లలు స్ట్రోక్‌ను, అంటే తెడ్డును ఒకసారి లాగి మళ్లీ మొదటికి వెళ్లే కదలికను, నేర్చుకునేది దీని మీదే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

స్ట్రోక్‌లో ముందు కాళ్లు తోస్తాయి, తర్వాత నడుం దగ్గర నుంచి వీపు వెనక్కి వాలుతుంది, చివరికి చేతులు పిడిని పక్కటెముకల దాకా లాగుతాయి. తిరిగి వెళ్లేటప్పుడు వరుస తిరగబడుతుంది. ముందు చేతులు, తర్వాత వీపు, ఆఖరున మోకాళ్లు. కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే. చేతులు ముందుకు పోకముందే మోకాళ్లు పైకి లేపుతారు, పిడి మోకాళ్ల మీదుగా ఎగిరి వెళ్లాల్సి వస్తుంది. అది కనిపించగానే ఆపించండి. చేతులు చాచి, వీపు ముందుకు వంచిన చోట రెండు క్షణాలు ఆగమనండి. రోజూ పది నిమిషాలు అలా ఆగి ఆగి చేయిస్తే రెండు వారాల్లో శరీరం ఆ వరుసను పట్టుకుంటుంది.

పక్కనున్న మీటను 10కి తిప్పితే బలం పెరుగుతుందని పిల్లలు అనుకుంటారు. అది చక్రంలోకి వెళ్లే గాలిని మార్చే మీట మాత్రమే. 3 నుంచి 5 మధ్యలో ఉంచితే నీటి మీద పడవ ఇచ్చే అనుభవానికి దగ్గరగా ఉంటుంది, నడుం మీద భారమూ తగ్గుతుంది.

తెర మీద కనిపించే అంకె గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలకు ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. 500 మీటర్లకు ఎంత సమయం పడుతుందో అది చూపిస్తుంది. 2 నిమిషాల 10 సెకన్ల వేగానికి సుమారు 159 వాట్లు చాలు. 2 నిమిషాలకు దిగాలంటే దాదాపు 203 వాట్లు కావాలి. అంటే పది సెకన్లు తగ్గించడానికి నాలుగో వంతుకు పైగా అదనపు శక్తి పెట్టాలి. ఇది వివరించి చెబితే, నెలకు రెండు సెకన్లు తగ్గినందుకు నిరాశపడే పిల్లలు ఆ రెండు సెకన్ల విలువ తెలుసుకుంటారు.

మొదటిసారి నీళ్ల మీదికి

ఎనిమిది మంది పడవ సుమారు 17 మీటర్ల పొడవు ఉంటుంది. అంతర్జాతీయ పోటీల్లో దాని బరువు 96 కిలోలకు తగ్గకూడదు. అంత పొడవున్న, పెంకు పలచటి వస్తువును ఎనిమిది మంది పిల్లలు భుజాల మీద మోసుకురావాలి. అందుకే మొదటి పాఠం పడవ మోయడం. షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు ఒకరు కూడా మాట్లాడకూడదు, వినిపించాల్సింది కాక్స్ గొంతు ఒక్కటే.

నీళ్లలో దిగాక ఎనిమిది మందీ ఒకేసారి తెడ్లు వేయొద్దు. నలుగురు తెడ్ల రెక్కలను నీటి మీద బల్లపరుపుగా ఆనించి పడవను నిలకడగా ఉంచితే, మిగతా నలుగురు తెడ్లు వేయాలి. తర్వాత మార్చుకోవాలి. కొన్ని వారాల పాటు పడవ ఒకపక్కకు వాలుతూనే ఉంటుంది. పిల్లలు ఒకరినొకరు తప్పుపట్టడం మొదలుపెట్టేది కూడా అప్పుడే. ఆ సమయంలో ప్రతి ఒక్కరికీ తమ పిడి ఎత్తును మాత్రమే చూసుకోమని చెప్పండి.

కొత్తలో ఎవరో ఒకరి తెడ్డు నీళ్లలో ఇరుక్కుంటుంది. రెక్క కాస్త వంకరగా దిగుతుంది, పడవ ముందుకు పోతూ ఉంటుంది, నీరు ఆ రెక్కను కిందికి లాగేస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా పిడి వచ్చి ఛాతీకి తగులుతుంది. దీన్ని రోవర్లు ‘క్రాబ్ పట్టడం’ అంటారు. పిడితో పెనుగులాడకుండా వెనక్కి వాలి, దాన్ని తల మీదుగా పోనివ్వాలని ఒడ్డునే చేసి చూపించండి. మొదటిసారి క్రాబ్ పట్టిన పిల్లలు సిగ్గుతో మొహం ఎర్రబడి కూర్చుంటారు. అప్పుడు సీనియర్లు ‘మాకూ జరిగింది’ అని చెప్పగలిగే వాతావరణం ఉంటే ఆ పిల్లలు మర్నాడు మళ్లీ వస్తారు.

కుదిరితే మొదటి ఏడాదే చిన్న పడవలు కూడా ఎక్కించండి. రెండు చేతులతో రెండు తెడ్లు వేసే ఒంటరి పడవ కనీస బరువు 14 కిలోలే. అందులో ప్రతి తప్పూ వెంటనే తెలిసిపోతుంది.

కాక్స్‌ను తేలిగ్గా ఎంచకండి

బరువు తక్కువ ఉన్నవాళ్లను పట్టుకొచ్చి వెనక కూర్చోబెడితే కాక్స్ అయిపోరు. దారి, వేగం, భద్రత, పందెంలో ఎత్తుగడ అన్నీ ఆ ఒక్కరి చేతిలో ఉంటాయి. ప్రపంచ పోటీల్లో కాక్స్ 55 కిలోల కన్నా తక్కువుంటే ఆ తేడాను అదనపు బరువుతో పూరించాలి. కాబట్టి కాక్స్ కడుపు మాడ్చుకోవడంలో అర్థం లేదు. ఏ పిల్లలనూ బరువు తగ్గమనకండి. ఒలింపిక్స్‌లోనే రోవర్ల బరువుకు పరిమితి ఉండే లైట్‌వెయిట్ విభాగం పారిస్ 2024తో ముగిసింది.

వారం ఎలా గడవాలి?

స్కూల్ పందెం 1500 లేదా 2000 మీటర్లు ఉంటుంది, సుమారు ఐదు నుంచి ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. అంత తక్కువసేపే కదా అని రోజూ గట్టిగా లాగించడం పెద్ద పొరపాటు. సాధనలో ఎక్కువ భాగం నిమిషానికి 18 నుంచి 20 స్ట్రోకులతో, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత తేలిగ్గా సాగాలి. వారంలో ఒకటి రెండుసార్లు మాత్రమే పందెం వేగం. ఒక రోజు పూర్తి విశ్రాంతి. రోవర్లకు ఎక్కువగా దెబ్బతినేది నడుం, పక్కటెముకలకూ ముప్పు ఉంటుంది. నొప్పి అన్న పిల్లలను ఆరోజు పడవ దింపేయండి. చేతుల బొబ్బలు మామూలే కానీ తెడ్డు పిడులను రోజూ కడిగించాలి.

సీట్లు ఎవరికి?

జట్లు విరిగిపోయేది ఇక్కడే. కోచ్‌కు ఇష్టమైనవాళ్లకే సీటు అన్న అనుమానం వచ్చిందంటే ఇక ఎంత గెలిచినా పిల్లలు నిలవరు. దానికి విరుగుడు సీట్ రేస్.

నలుగురేసి ఉన్న రెండు పడవలను పక్కపక్కన, ఒకే స్ట్రోక్ రేటుతో, ఒకే దూరం పోనివ్వండి. ఎడమ పడవ ఒక సెకను ముందు వచ్చిందనుకుందాం. ఇప్పుడు అటు ఒకరిని ఇటు, ఇటు ఒకరిని అటు మార్చి మళ్లీ పంపండి. ఈసారి కుడి పడవ రెండు సెకన్ల ముందు వస్తే, మారిన ఆ ఇద్దరి మధ్య తేడా మూడు సెకన్లు. ఎర్గ్ మీద వెనకబడ్డ అమ్మాయి ఇలా పడవను ముందుకు తీసుకెళ్లడం మీరు తప్పకుండా చూస్తారు. ఎర్గ్ బలాన్ని కొలుస్తుంది. పక్కవాళ్లతో కలిసిపోయే నేర్పు నీటి మీదే బయటపడుతుంది. ఫలితాలు అదే రోజు అందరి ముందూ చదవండి. సీటు రానివాళ్లతో విడిగా కూర్చుని, తర్వాతి నెలలో ఏం మార్చుకోవాలో చెప్పండి. ఈ ఒక్క మాట కోసం మీరు పెట్టే పావుగంటే రెండో పడవను నిలబెడుతుంది.

సాధించినదాన్ని ఎలా రాసి పెట్టుకోవాలి?

గాలి వెనక నుంచి వీస్తే అందరి సమయాలూ బాగుంటాయి, ఎదురుగాలిలో ఛాంపియన్లు కూడా నెమ్మదిస్తారు. అందుకే ఈ ఆటలో ప్రపంచ స్థాయిలోనూ ‘రికార్డు’ అనకుండా ‘అత్యుత్తమ సమయం’ అంటారు. మీరు సమయంతో పాటు పందెం గెలిచిన పడవ కన్నా ఎన్ని సెకన్లు వెనకబడ్డారో రాసుకోండి. నిరుడు ఇరవై సెకన్లు వెనక వచ్చిన జట్టు ఈసారి తొమ్మిది సెకన్లు వెనక వస్తే, పతకం లేకపోయినా స్కూల్ అసెంబ్లీలో ఆ మాట చెప్పండి.

ఆ పుస్తకంలోనే మరో మూడు అంకెలకు పేజీలు ఉంచండి. ఏడాది మొదట్లో ఎంతమంది చేరారు, చివరిదాకా ఎంతమంది ఉన్నారు, మొదటి పడవకూ రెండో పడవకూ మధ్య సాధనలో తేడా ఎంత. మూడో అంకె ఏటా తగ్గుతూ వస్తుంటే మీరు సరైన దారిలో ఉన్నారు.

చివరి పందెం అయిన వారంలో సీజన్ సర్దుకునే పని ఉంటుంది. పడవలు కడగడం, రిగ్గర్ల (పడవ పక్కకు చాచి తెడ్డును పట్టి ఉంచే చట్రాల) నట్లు బిగించడం, తెడ్లు వరుసగా పేర్చడం. ఆ పని స్కూలు వదిలి వెళ్తున్న పిల్లలతో, రెండో పడవ పిల్లలతో జతలుజతలుగా చేయించండి. ఏ సీటులో కూర్చున్నవాళ్లు ఆ సీటు రిగ్గర్‌ను, వచ్చే ఏడాది దాన్ని అందుకోబోయే పిల్లలకు చూపించి, స్పానర్ వాళ్ల చేతికివ్వాలి.