పించ్ హిట్టర్: పేరులోనే ఉన్న కిటుకు

పించ్ అనగానే గిల్లడం గుర్తొస్తుంది. ఈ పించ్ మాత్రం ఇరకాటం. బేస్‌బాల్‌లో జట్టు ఇరుకున పడ్డప్పుడు, వంతు వచ్చిన బ్యాటర్‌ను తప్పించి బెంచీ మీంచి దింపే ఆటగాడే పించ్ హిట్టర్. క్రికెట్‌లో ఈ పేరున్నవాడు బ్యాటింగ్ వరుసలో పైకి జరుగుతాడంతే. బేస్‌బాల్‌లో మనిషే మారతాడు.

పూర్వం దెబ్బ తగిలితేనో, జబ్బు చేస్తేనో తప్ప మార్చనిచ్చేవారు కాదు. 1891లో ఆ కట్టడి పోయింది. బయటికెళ్లినవాడు ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాకూడదన్న నియమం మాత్రం అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో నేటికీ ఉంది. అందుకే తొందరపడకూడదు.

బంతి ఆటలో లేనప్పుడు ఎవరి బదులు ఎవరో బ్యాటర్ ఆడే చోటైన ప్లేట్ వెనకుండే అంపైర్‌కు చెప్పాలి. కొత్తవాడికి వరుసలో పాతవాడి స్థానమే వస్తుంది. చెప్పకుండా బ్యాటర్స్ బాక్స్‌లో నిలబడినా మార్పు జరిగినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది ప్రకటించడంలోనే. కుడిచేత్తో బంతి వేసే పిచర్‌ మీదికి ఎడమచేతి బ్యాటర్‌ను ప్రకటించారనుకోండి; ఎదురు చేతి బంతి ఆడటం మామూలుగా సులువు. అవతలివాళ్లు ఎడమచేతి పిచర్‌ను తెస్తారు. మీరు మళ్లీ బ్యాటర్‌ను మారిస్తే, మొదటివాడు ఒక్క బంతీ ఆడకుండానే ఖర్చైపోతాడు. 2020 నుంచి మేజర్ లీగ్‌లో రిలీవర్ (మధ్యలో దిగే పిచర్), గాయమో జబ్బో అయితే తప్ప, కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ముగించాలి. కాబట్టి అవతలి రిలీవర్ కొత్తగా దిగినప్పుడు ప్రకటిస్తే వాళ్ల చేతులు కట్టేసినట్టే.

తర్వాతి బ్యాటర్ వేచి ఉండే ఆన్‌డెక్ సర్కిల్‌లో నిలబెట్టడం ప్రకటన కాదు. 1988 అక్టోబర్ 15న, మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్‌లో డాడ్జర్స్ జట్టు మేనేజర్ లసోర్డా దీన్నే వాడుకున్నాడు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు (మూడోది పడితే ఓటమే), డాడ్జర్స్ 3-4తో వెనకబడ్డారు. మైక్ డేవిస్ ఆడుతుంటే ఆన్‌డెక్‌లో డేవ్ ఆండర్సన్‌ను నిలబెట్టాడు. డేవిస్‌కు వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా బేస్) దొరికాక, ఆండర్సన్ బదులు రెండు కాళ్లూ దెబ్బతిన్న కిర్క్ గిబ్సన్ కుంటుతూ వచ్చాడు. కౌంట్ మూడు బాల్స్ (చెడ్డ బంతులు), రెండు స్ట్రైక్‌లకు (మూడైతే స్ట్రైక్ అవుట్) చేరాక అవతలి పిచర్ ఎకర్స్‌లీ వేసిన స్లైడర్‌ను (పక్కకు వంగే బంతి) హోమ్ రన్‌గా స్టాండ్స్‌లోకి పంపి, డేవిస్‌తో కలిపి రెండు పరుగులు తెచ్చి, 5-4తో గెలిపించాడు. అసలైన పించ్ అంటే అదీ!

దింపేముందు ఫీల్డింగ్ కూడా చూసుకోండి. పిచర్ వేసే బంతిని పట్టే క్యాచర్ బదులు బ్యాటర్‌ను పంపితే, తర్వాత ప్లేట్ వెనక కూర్చోవడానికి ఇంకో క్యాచర్ ఉండాలి.

స్కోరు రాసేవాళ్లకు ఒక మెలిక: రెండు స్ట్రైక్‌ల మీద వచ్చిన పించ్ హిట్టర్ స్ట్రైక్ అవుట్ అయితే, అది పాత బ్యాటర్ ఖాతాలోకే వెళ్తుంది. వాక్‌తో సహా మరే ఫలితం వచ్చినా కొత్తవాడిదే.