పోకర్ నేర్చుకుందాం, 4వ పాఠం: ఓడిన రాత్రి లెక్క ఎలా రాయాలి

పోయిన పాఠంలో పాట్ (అందరి పందేలూ చేరిన మొత్తం) లెక్క చూశాం, అంటే ఎంత పెడితే ఎంత వస్తుందో చూసుకుని కాల్ చేయాలా (అవతలి పందేనికి సమానంగా పెట్టాలా) ఫోల్డ్ చేయాలా (ముక్కలు పడేయాలా) తేల్చుకోవడం. ఈసారి ఓడిపోవడం గురించి. ఈ పాఠాలన్నిటిలో నాకు ఇదే ముఖ్యం, ఎందుకంటే ఆట బాగా వచ్చినవాళ్లు కూడా చెడేది ఇక్కడే.

కొత్తగా చేరినవాళ్ల కోసం మళ్లీ చెబుతున్నా, మనం ఆడేది ఉచిత చిప్స్‌తోనే. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది, నైపుణ్యంతో ఆడేదా అదృష్టం మీద ఆడేదా అన్న తేడా కూడా అది చూడదు. బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఎవరైనా "వేరే దేశం యాప్ ఉంది, లొకేషన్ మార్చి ఆడొచ్చు" అంటే దయచేసి వినకండి, గెలిచినా ఆ డబ్బు మీ ఖాతాలో పడుతుందని పూచీ ఇచ్చేవాడు ఉండడు.

ఉచిత చిప్సే కదా, పోతే ఏమైంది అని చాలామంది అడుగుతారు. యాప్ రోజూ మళ్లీ చిప్స్ ఇస్తుంది కాబట్టి ఓడినా ఏమీ అనిపించదు, ఏమీ అనిపించకపోతే మీరు చేసిన తప్పు మీకు గుర్తే ఉండదు. అందుకే ఒక నోట్‌బుక్ తీసుకోండి. 50/100 బ్లైండ్లున్న (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందేలు; పెద్దది బిగ్ బ్లైండ్) టేబుల్‌లో ఒక బై-ఇన్, అంటే కూర్చునేటప్పుడు తీసుకెళ్లే చిప్స్, 100 బిగ్ బ్లైండ్లు, 10,000 చిప్స్. అలాంటివి 30, మొత్తం 3 లక్షలు మీ పెట్టుబడి అని మొదటి పేజీలో రాయండి. యాప్ ఇచ్చే బోనస్ ఇందులో కలపొద్దు. పెట్టుబడి సగానికి పడితే 25/50 టేబుల్‌కి దిగిపోవాలి, మొహమాటం అక్కర్లేదు.

ముప్ఫై ఎందుకు అంటారా, ఈ లెక్క కొంచెం ఓపిగ్గా చూడండి. ఆరుగురు కూర్చునే నో-లిమిట్ హోల్డెమ్‌లో (చేతిలో రెండు, టేబుల్ మీద ఐదు ముక్కలతో, పందేనికి హద్దు లేకుండా ఆడే పోకర్) ప్రతి 100 హ్యాండ్లకు, అంటే 100 సార్లు ముక్కలు పంచి ఆడితే, 5 బిగ్ బ్లైండ్లు గెలిచే మంచి ఆటగాడు ఉన్నాడనుకుందాం. ఈ ఆటలో 100 హ్యాండ్లకు ఫలితం అటూ ఇటూ ఊగేది సుమారు 90 బిగ్ బ్లైండ్లు. 10,000 హ్యాండ్లు ఆడితే అతనికి సగటున 500 రావాలి, కానీ ఊగడం 900 దాకా ఉంటుంది. అంటే అలాంటి ఆటగాళ్లు పదిమంది ఉంటే, తప్పు ఏమీ చేయకుండానే దాదాపు ముగ్గురు 10,000 హ్యాండ్ల తర్వాత కూడా నష్టంలోనే ఉంటారు! వారం రోజులు ఓడి "నాకు ఆట రాదు" అని మానేసేవాళ్లూ, వారం గెలిచి తమకి అన్నీ తెలుసనుకునేవాళ్లూ ఈ ఒక్క లెక్క తెలియకే మోసపోతున్నారు.

కాబట్టి నోట్‌బుక్‌లో గెలుపు, ఓటమి అని రెండు గళ్లు పెడితే సరిపోదు. ముక్కల వల్ల పోయింది ఒక గడి, మన నిర్ణయం వల్ల పోయింది ఇంకో గడి.

మీ చేతిలో రెండు ఆసులు, అవతల రెండు రాజులు, ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) రాకముందే ఇద్దరూ 10,000 చొప్పున మొత్తం లోపలికి తోశారు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, రాజు పడింది, మీ చిప్స్ పోయాయి. ఇలా ఆడినప్పుడు మీరు గెలిచే అవకాశం సుమారు 82 శాతం, అంటే ఓడినా మీ నిర్ణయం సగటున 6,400 చిప్స్ లాభం తెచ్చేదే. ఇది ముక్కల గడిలో రాసి వదిలేయండి.

రెండోది చూడండి. మీ దగ్గర ఆటీన్ 8, 7. టేబుల్ మీద ఆటీన్ రాజు, ఆటీన్ 2, ఇస్పేట్ జాకీ, టర్న్‌లో కళావర్ 5. పాట్‌లో 1,200 ఉంది, అవతలివాడు మిగిలిన 1,200 మొత్తం పెట్టేశాడు. ఇంకో ఆటీన్ పడితే మీదే ఆట, కానీ కనపడని 46 ముక్కల్లో ఆటీన్లు 9, అంటే 20 శాతం కూడా లేదు, 3,600 కోసం 1,200 పెడుతున్నారు కాబట్టి ఈ కాల్‌కి కావలసింది 33 శాతం. మీరు కాల్ చేశారు, రివర్‌లో, అంటే చివరి ముక్కగా, ఆటీన్ పడింది, మీరు పెట్టింది పోను 2,400 వచ్చాయి, గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. నోట్‌బుక్‌లో మాత్రం ఇది నిర్ణయం గడిలో సుమారు 500 చిప్స్ నష్టంగా రాయాలి, ఎందుకంటే ఇలాంటి కాల్ ప్రతిసారీ సగటున అంత లాగేస్తుంది. ఆసులతో ఓడిన హ్యాండ్ కన్నా ఇదే ప్రమాదం, గెలిచాం కాబట్టి దీన్ని మళ్లీ చేస్తాం.

ఇక లేవాల్సిన సమయం. ఒక్క కూర్చోవడంలో మూడు బై-ఇన్లు పోతే టేబుల్ మూసేయండి. ముక్కలకి మన మీద కోపం ఉండి కాదు, అంత పోయాక మన బుర్ర సరిగ్గా పనిచేయదు. పోయినచోటే వెతుక్కోవాలి అంటారు మనవాళ్లు, సంక్రాంతికి మన పల్లెల్లో పేకాట చుట్టూ ఈ మాట మీరూ వినే ఉంటారు. పేకాటలో ఇంతకన్నా చెడ్డ సలహా లేదు, పోయింది అదే రాత్రి రాబట్టాలని పెద్ద టేబుల్ ఎక్కినప్పుడే రెండో గడి నిండిపోతుంది. మూడు పోకముందే టిల్ట్ (ఓడిన చిరాకులో అదుపు తప్పి ఆడటం) మొదలైందని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి: ఆలోచించకుండా కాల్ నొక్కేయడం, మిమ్మల్ని ఓడించిన ఆ ఒక్కడి మీదే రైజ్ చేసి పందెం పెంచాలనిపించడం, ఇంట్లో అన్నానికి పిలిస్తే విసుక్కోవడం. ఏ ఒక్కటి కనిపించినా ఫోన్ పక్కన పెట్టేయండి.

గతంలో నిజమైన డబ్బు పోగొట్టుకుని, అప్పు చేసి, ఇంట్లో చెప్పలేక ఈ పాఠం చదువుతున్నవాళ్లు ఉంటే, ఉచిత చిప్స్ టేబుల్ కూడా ప్రస్తుతానికి వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే పాఠం లోపు ఆడిన ప్రతి రాత్రీ అతి పెద్ద మూడు పాట్‌లు రాయండి, గెలిచినవి కూడా. ఏ గడిలో వేశారో, ఎందుకో ఒక్క వాక్యం చాలు. వాటిలో ఎటూ తేల్చుకోలేని హ్యాండ్ ఒకటి పంపండి, 5వ పాఠంలో అవే విప్పి చూద్దాం.