కాలేజీ సీటు ఖాయం చేసుకునే ముందే వేయాల్సిన లెక్క

ఫీజు ఎంత అని అడిగితే అందరూ మొదటి సంవత్సరం ఫీజే చెబుతారు. మీకు కావాల్సింది అది కాదు, చేరిన రోజు నుంచి పట్టా చేతికొచ్చే దాకా అయ్యే మొత్తం. ఒక కాగితం తీసుకుని ట్యూషన్ ఫీజు, హాస్టల్, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, సెలవులకి రానూపోనూ ఛార్జీలు, అన్నీ ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా రాయండి. ఫీజు ఏటా 8 శాతం పెరిగితే మొదట్లో 100 ఉన్నది నాలుగో సంవత్సరానికి దాదాపు 126 అవుతుంది, అదీ వేసుకోండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి, ఇక్కడ మొహమాటపడితే నష్టం మనకే.

ఈ లెక్క పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే వేయండి. "డబ్బు సంగతి నీకెందుకు, నువ్వు చదువుకో" అనేస్తాం గానీ, రేపు ఆ అప్పు కట్టేది చాలా ఇళ్లలో వాళ్లే.

స్కాలర్‌షిప్ వస్తే సంతోషమే, కానీ అది ఒక్క ఏడాదికా, కోర్సు మొత్తానికా, మార్కులు ఎంత తగ్గితే ఆగిపోతుంది అన్నది చూశాకే కాగితం మీద తీసివేత వేయండి.

ఇక అప్పు. చదువు అయ్యేదాకా కట్టక్కర్లేదు అంటారు, నిజమే, కానీ చాలా అప్పుల్లో వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంటుంది. నాలుగేళ్ల కోర్సుకి ఏడాది మొదట్లో 25 చొప్పున మొత్తం 100 తీసుకున్నారనుకోండి, వడ్డీ 10 శాతం, చదువయ్యాక ఇంకో ఏడాది గడువు. చక్రవడ్డీ లేకుండా చూసినా మొదటి ఈఎంఐ కట్టే నాటికి ఆ 100 కాస్తా 135. అదే వడ్డీ వరకైనా నెలనెలా కట్టుకుంటూ పోతే 100 దగ్గరే ఉంటుంది. ఈఎంఐ తక్కువని గడువు పెంచుకునే ముందు కూడా ఆలోచించండి: 10 శాతం వడ్డీకి 100 అప్పు పదేళ్లలో తీరిస్తే మొత్తం సుమారు 159 కడతారు, పదిహేనేళ్లు సాగదీస్తే 193.

పదవీ విరమణ కోసం దాచుకున్నది మాత్రం కదపకండి. చదువుకి అప్పిచ్చేవాళ్లు ఉంటారు, ముసలితనంలో ఇంటి ఖర్చులకి ఎవరిస్తారు? బంధువులు ఏమనుకుంటారో అని సొంతిల్లు తాకట్టు పెట్టి మరీ పేరున్న కాలేజీలో చేర్చడం నాకైతే నచ్చదు. అదే కోర్సు తక్కువ ఫీజుకి దొరికే చోట ఇంకో రెండు దరఖాస్తులు పెట్టండి.

ఇప్పటికే అప్పులో ఉంటే, చేతికి అదనంగా డబ్బొచ్చినప్పుడు అసలుకి జమ చేయమని స్పష్టంగా చెప్పి కట్టండి, రసీదులో అలాగే రాశారా లేదా చూసుకోండి. వాయిదా కట్టలేకపోతామని టెన్షన్‌గా ఉంటే, తప్పాక కాదు, తప్పే ముందే వెళ్లి అప్పిచ్చినవాళ్లతో మాట్లాడండి. హామీ సంతకం పెట్టినవాళ్లకీ ఒక మాట చెప్పండి, బాకీ కట్టమనే ఫోన్లు వాళ్లకీ వస్తాయి.