అన్నం తిన్నాక షుగర్ అదుపులో ఉండేలా నడవడం ఎలా?

బెంగళూరు మారతహళ్ళిలో రాత్రి పదిన్నరకు ఆంధ్రా మెస్‌లో పప్పు, వేపుడు, గడ్డపెరుగుతో కడుపునిండా తిని, నేరుగా పీజీకి వెళ్లి మంచమెక్కే మన పిల్లల్ని చూస్తుంటే నాకు బెంగగా ఉంటుంది. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే మరీనూ.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి. అన్నం అరిగి గ్లూకోజ్ రక్తంలోకి రాగానే పాంక్రియాస్ (క్లోమం) ఇన్సులిన్‌ను వదులుతుంది. ఆ ఇన్సులిన్ కండర కణం మీద కబురు అందుకునే రిసెప్టర్‌కు అంటుకోగానే లోపలికి కబురు వెళ్తుంది. పీఐ3కే, ఏకేటీ అనే ఎంజైములు ఆ కబురును చేతులు మార్చుకుంటూ మోస్తాయి. చివరికి కణం లోపలున్న గ్లూట్4 అనే ప్రోటీన్ పైపొరకు వచ్చి గ్లూకోజ్‌ను లోపలికి పంపిస్తుంది. కండరాల్లో, లివర్‌లో కొవ్వు పేరుకుంటే ఈ కబురు మధ్యలోనే నీరసపడుతుంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అనేది ఇదే. లివర్‌కు కూడా ‘ఇక చాలు’ అన్న మాట సరిగా అందదు, రాత్రంతా గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. రాత్రి తక్కువే తిన్నా పొద్దున ఫాస్టింగ్ షుగర్ ఎక్కువ రావడానికి ఇదొక కారణం.

అయితే కండరం కదిలితే చాలు, ఇన్సులిన్ కబురు అందకపోయినా గ్లూట్4 పైకి వస్తుంది. ఏఎంపీకే అనే ఎంజైమ్‌కు ఇందులో పాత్ర ఉంది. నడక అంటే బరువు తగ్గడానికే అనుకుంటాం గానీ, నాకు అసలు విలువైనదిగా తోచేది ఇదే.

కాబట్టి తిన్న అరగంటలోపే లేవండి. 10 నుంచి 15 నిమిషాలు, మాట్లాడగలిగేంత వేగంతో నడవండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆ వేళ నడవడం కష్టం. మేడ మీదో, అపార్ట్‌మెంట్ ఆవరణలోనో తిరగండి. వానొస్తే వరండాలో అటూఇటూ నడిచినా సరే. వారానికి రెండు రోజులు గుంజీలు తీయండి, తొడలవి పెద్ద కండరాలు.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి. జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. చెమటలు, వణుకు వస్తే షుగర్ మరీ పడిపోయి ఉండొచ్చు, ఆగి వెంటనే ఆ పొడి తీసుకోండి.

గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఒకసారి చేయించుకోండి. 5.7 నుంచి 6.4 శాతం మధ్య వస్తే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ. మందులు అవసరమా, ఎప్పుడు మళ్లీ పరీక్ష చేయించాలన్నది డాక్టర్ చెబుతారు, మీరు మాత్రం ఈ రాత్రి నుంచే నడక మొదలుపెట్టండి.