టెలిస్కోపులో కనిపించింది గ్రహమేనా?

తిరుపతిలో ఉత్తరాన తిరుమల కొండలు అడ్డున్నా, గ్రహాలు నడినెత్తికి దగ్గరగా సాగుతాయి కాబట్టి మిద్దె మీది నుంచే చూడవచ్చు. అయితే ఎండకు కాగిన మిద్దె వేడిని వదులుతున్నంతసేపు బింబం అలలాడుతుంది కనుక, టెలిస్కోపును అరగంట ముందే ఆరుబయట ఉంచి, గ్రహం బాగా పైకి వచ్చాకే చూడటం మేలు.

మధ్యలో నల్లటి రంధ్రమున్న గుండ్రటి వెలుగు కనిపిస్తే, అది ఫోకస్ కుదరని బింబమే; అద్దాలతో పనిచేసే న్యూటోనియన్ టెలిస్కోపులోని చిన్న అద్దం నీడే ఆ రంధ్రం. బింబం వీలైనంత చిన్నదయ్యేవరకు ఫోకస్ నాబ్ తిప్పాక కూడా చుక్కగానే మిగిలితే నక్షత్రం, అంచు తేరిన బిళ్లలా నిలిస్తే గ్రహం.

గురుగ్రహం పక్కన దాదాపు ఒకే వరుసలో కనిపించే చుక్కలు ఉపగ్రహాలో, వెనుకనున్న నక్షత్రాలో తేల్చడానికి, వాటి స్థానాలను కాగితంపై గీసి, సమయం రాసుకొని, ఆ తరువాతే ఆకాశ పటాన్ని తెరపై చూపే స్టెల్లేరియం యాప్‌లో తిరుపతిని, అదే సమయాన్ని ఎంచుకొని పోల్చాలి. ఈ క్రమం తప్పకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ముందే తెర చూసినవారి కంటికి లేని చుక్క కూడా కనిపిస్తుంది. పోల్చేటప్పుడు న్యూటోనియన్‌లో దృశ్యం తలకిందులవుతుందని, లెన్సు టెలిస్కోపుకు వెలుగును పక్కకు మళ్లించే డయాగొనల్ అద్దం తగిలిస్తే కుడి ఎడమలు మారతాయని గుర్తుంచుకోవాలి. ఇంకా సందేహముంటే రెండు గంటలాగి మళ్లీ గీయండి: సుమారు 42 గంటల్లో ఒక చుట్టు తిరిగే గురుగ్రహ ఉపగ్రహం అయో, గ్రహానికి దగ్గరగా ఉన్నప్పుడు, అంతలోనే జరిగినట్టు తెలుస్తుంది.